బ్రూగెల్ ‘మంచులో వేటగాళ్ళు’: చేత్తో వేసిన ప్రతికృతిపై సమీక్ష

పీటర్ బ్రూగెల్ 1565లో చిత్రించిన ‘మంచులో వేటగాళ్ళు’ చిత్రానికి తైలవర్ణాలతో చేత్తో వేసిన ప్రతికృతిని, ఇటువంటి పనే వృత్తిగా గల ఒక చిత్రశాలకు ఆర్డరిచ్చి తెప్పించుకున్నాను. ముందుభాగంలోని వేటగాళ్ళను, కుక్కలను, చెట్లను ఆ చిత్రకారుడు ఎంతో శ్రద్ధగా దించాడు. కిందనున్న లోయకు వచ్చేసరికి ఆ శ్రద్ధ సడలింది. ఈ చిత్రం ప్రాణమంతా ఆ లోయలోనే ఉందని నమ్మేవాణ్ణి కనుక ఆ లోటు నాకు పెద్దదిగానే తోస్తున్నది.

మూలచిత్రం వియన్నాలోని కున్‌స్ట్‌హిస్టారిషెస్ మ్యూజియంలో ఉంది. ఆంట్వెర్ప్ వర్తకుడు నిక్లాస్ యోంగెలింక్ కోసం ఏడాదిలోని కాలాలను చూపుతూ బ్రూగెల్ వేసిన చిత్రాల వరుసలో ఇది శీతాకాలానికి చెందినది. ఆ వరుసలో నేడు మిగిలినవి ఐదే. ముగ్గురు వేటగాళ్ళు మనకు వీపు తిప్పి, అలసిన కుక్కల గుంపుతో మంచులో కాళ్ళీడ్చుకుంటూ ఊరివైపు దిగుతుంటారు. వారి వేటకు దక్కింది ఒకడి బల్లేనికి వేలాడుతున్న నక్క ఒక్కటే. వారి వెంట మన చూపు కూడా వాలు దిగి, గడ్డకట్టిన చెరువులపై స్కేటింగ్ చేస్తున్నవారిని, మంచు పట్టి ఆగిపోయిన నీటిమర చక్రాన్ని, వంతెనపై పుల్లలమోపు మోస్తున్న స్త్రీని, ఎక్కడో దూరాన పొగగొట్టానికి అంటుకున్న మంటను ఆర్పుతున్న మనుషులను దాటుకుంటూ కొండలదాకా పోతుంది. ఆ కొండలు బ్రూగెల్ పుట్టి పెరిగిన పల్లపు దేశంలో లేవు. ఇటలీ ప్రయాణంలో తాను చూసిన ఆల్ప్స్ శిఖరాలను ఆయన తెచ్చి అక్కడ నిలిపాడు.

ప్రతికృతిలో మొదట మెచ్చుకోవలసింది చెట్లను. మంచు మీద నల్లగా నిలిచి, ఒకదాని వెనుక ఒకటిగా చిన్నవవుతూ చూపును లోయలోకి దించే ఆ వరుసలో ఏ మాను కొద్దిగా పక్కకు జరిగినా చిత్రమంతా కుదురు తప్పుతుంది. ఇక్కడ అవి సరిగ్గా కుదిరాయి. కుక్కల భంగిమలు వేటికవి విడిగా తెలుస్తున్నాయి. వేటగాళ్ళ నడకలో బరువుంది. సత్రం ముందు మంట ఒక్కటే ఈ చలి చిత్రంలో వెచ్చని రంగు కాగా, దాన్ని అతిగా ఎర్రబార్చకుండా అదుపులో ఉంచినందుకు చిత్రకారుణ్ణి అభినందించాలి. ఒక కొక్కెం ఊడి వేలాడే సత్రం బోర్డు మీది దుప్పి గుర్తుపట్టేలాగే ఉన్నా, అక్షరాలు మాత్రం వట్టి గీతలయ్యాయి.

ఇక రంగుల సంగతి. ఈ చిత్రంలో ఆకాశానికీ చెరువుల మంచుకూ ఒకే రంగు: ఆకుపచ్చ కలిసిన చల్లని బూడిద రంగు. పైనా కిందా అదే రంగు పరచుకోవడం వల్లనే చలి ఆ లోయనంతటినీ కమ్మేసినట్టు అనిపిస్తుంది. పంపే ముందు ఆమోదం కోసం చిత్రశాల చూపిన ఫొటోలో ఆకాశం నీలంగా, చెరువులు తెల్లగా ఉన్నాయి. ఆ తేడాను తెలియజేయగా వారు విసుక్కోకుండా రెండింటినీ తిరిగి వేశారు. ఇప్పుడవి మూలానికి చాలావరకు దగ్గరగా ఉన్నాయి.

లోయలోకి వెళ్ళేకొద్దీ నా అసంతృప్తి మొదలవుతుంది. దగ్గరి చెరువుపై ఒకామె మరొకామెను బండిపై లాగుతున్న దృశ్యం బాగానే ఉన్నా, దూరపు చెరువుపై ఉన్నవారంతా ఒకే తీరు నల్లని చుక్కలైపోయారు. బ్రూగెల్ మనుషులు ఎంత చిన్నవారైనా ఒకడు వంగి ఉంటాడు, ఒకడు పడిపోతుంటాడు, ఒకడు నిలబడి చూస్తుంటాడు. పొగగొట్టం మంటను చిత్రకారుడు పూర్తిగా వదిలేశాడు. వేటగాళ్ళ అలసటను పట్టించుకోకుండా సాగిపోయే ఆ చిన్న జీవితాలే ఈ చిత్రానికి అర్థమని నా అభిప్రాయం. అవి చెరిగిపోతే మిగిలేది అందమైన మంచు దృశ్యమే.

దీనికి కొంత కారణం పరిమాణం. మూలం 117 సెంటీమీటర్ల ఎత్తు, 162 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్క పలక. నేను తీసుకున్నది 78, 108 సెంటీమీటర్ల కాన్వాస్, అంటే కొలతల్లో మూడింట రెండు వంతులు. నున్నని పూత పూసిన పలకపై సన్నని కుంచె నడిచినట్టు నేత గరుకు తేలే కాన్వాస్‌పై నడవదు. కొమ్మల చివర్లలో కూడా ఆ తేడా తెలుస్తుంది. కాబట్టి ఇంతకంటే చిన్న పరిమాణంలో ఈ చిత్రాన్ని తీసుకోవద్దనే చెబుతాను. 60, 90 సెంటీమీటర్ల వంటి సిద్ధపు కొలతలను అసలే ఒప్పుకోకూడదు. ఆ నిష్పత్తి మూలానికి సరిపోదు కనుక, పైనో కిందో కొంత కోసేయవలసి వస్తుంది.

ఇది చేతిపనే అనడంలో సందేహం లేదు. భూతద్దంతో చూస్తే ముద్రణ చుక్కలు ఎక్కడా కనబడలేదు, ఏటవాలు వెలుతురులో చూస్తే కుంచె జాడలు ఆయా రూపాల వెంటే సాగాయి. ముద్రించిన బొమ్మపై పారదర్శకమైన జిగురుతో పులిమిన కుంచె జాడలకు కింది గీతలతో సంబంధం ఉండదు. ప్యాకింగ్‌లో మాత్రం ఒక లోపం ఉంది: కాన్వాస్‌ను రంగు లోపలికి ఉండేలా చుట్టారు. రంగు బయటికి ఉండేలా చుడితేనే ఆ పొర నలిగి పగుళ్ళు తేలే ప్రమాదం తగ్గుతుంది. గొట్టం వెడల్పుగా ఉన్నందున ఈసారి నష్టమేమీ జరగలేదు. తైలవర్ణం లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది కనుక చివరి వార్నిష్ వేయకుండానే పంపుతున్నామని, ఆరు నెలల నుంచి ఏడాది తరువాత వేయించుకొమ్మని వారు ముందే చెప్పడం నిజాయతీగల పని.

దూరం నుంచి గోడపై చూసి ఆనందించాలనుకునేవారికి ఈ ప్రతికృతిని నిస్సంకోచంగా సూచిస్తాను. దగ్గరకు వెళ్ళి లోయలో మనుషులను వెతుక్కునేవారు మాత్రం ఆర్డరిచ్చేటప్పుడే దూరపు చెరువును, పొగగొట్టం మంటను పేరుపెట్టి అడగాలి. ఆమోదానికి ముందు కుడివైపు భాగాన్ని దగ్గరగా తీసిన ఫొటోలు పంపమని పట్టుబట్టాలి.