జీవజాతుల డేటాకు వెబ్‌సైట్: వర్డ్‌ప్రెస్సా, ఐనాచురలిస్టా, ఐపీటీయా? ఏది మేలు?

మన డిగ్రీ కాలేజీల బోటనీ, జువాలజీ డిపార్ట్‌మెంట్లలోనూ, పక్షులు చూసే బృందాల దగ్గరా జీవజాతుల సమాచారం చాలా పోగుపడి ఉంది. ఏ చెరువుకు ఏ నెలలో ఏ బాతులు వచ్చాయి, ఏ గుట్ట మీద ఏ మొక్క ఎప్పుడు పూసింది, ఏ తోటలో ఏ సీతాకోకచిలుక కనిపించింది అన్నీ ఎక్సెల్ షీట్లలోనో, నోటు పుస్తకాల్లోనో, రిటైరైన మాస్టారి పెన్‌డ్రైవ్‌లోనో ఉంటాయి. వీటిని పదిమందికీ అందించాలన్న ఆలోచన రాగానే అందరూ అనే మాట "ఒక వెబ్‌సైట్ పెడదాం" అని. మంచిదే. కానీ దేంతో పెట్టాలన్న దగ్గర తొందరపడితే ఏళ్ల తరబడి పడ్డ కష్టం కొద్ది కాలానికే కనబడకుండా పోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను: డేటా ఒకచోట, సైటు ఇంకోచోట ఉండాలి. సైటు మూతపడినా డేటా బతకాలి. కింద ప్రతిదాన్నీ నేను ఈ లెక్కతోనే చూస్తున్నాను.

సొంత వర్డ్‌ప్రెస్ సైటు

ఇది అందరికీ తెలిసిన దారి. డొమైన్ కొని, హోస్టింగ్ తీసుకుని, ఒక థీమ్ పెట్టుకుంటే సాయంత్రానికి సైటు లేస్తుంది. తెలుగు యూనికోడ్ బాగా కనబడుతుంది, ఫొటోలు ఇష్టమొచ్చినన్ని పెట్టుకోవచ్చు. కొంచెం తెలిసినవాళ్లయితే ఒక్కో జాతికీ విడి పేజీ వచ్చేలా కస్టమ్ పోస్ట్ టైప్ చేసుకుని, కుటుంబం, ప్రజాతి, తెలుగు పేరు, పూతకాలం లాంటివన్నీ వేరువేరు ఫీల్డులుగా పెట్టుకోవచ్చు. రూపం మీద ఇంత స్వేచ్ఛ మిగతా వాటిలో దేనిలోనూ దొరకదు.

చిక్కు వేరే చోట ఉంది. శాస్త్రీయ నామాలు స్థిరంగా ఉండవు. మన తుమ్మచెట్టునే తీసుకోండి. పాత పుస్తకాల్లో అకేసియా నిలోటికా. అకేసియా అన్న పేరు ఆస్ట్రేలియా జాతులకే ఉండాలని 2005లో వియన్నా వృక్షశాస్త్ర మహాసభలో తేల్చారు, 2011లో మెల్‌బోర్న్‌లో దాన్నే ఖాయం చేశారు. దాంతో తుమ్మ వాచెలియా నిలోటికా అయింది, సండ్ర సెనెగాలియా కటెచూ అయింది. వర్డ్‌ప్రెస్‌లో పేజీలుగా రాసుకున్నవాళ్లు ఇలాంటి మార్పు వచ్చినప్పుడల్లా ఒక్కో పేజీ తెరిచి చేత్తో దిద్దాలి. ఎవరు దిద్దుతారు? సైటు పెట్టిన కుర్రాడు ఎమ్మెస్సీ అయిపోయి వెళ్లిపోతాడు, పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియదు, డొమైన్ రెన్యూ చేయాలన్న మెయిల్ ఎవరూ చూడరు. పైగా పరిశోధకులకు కావలసింది అందమైన పేజీ కాదు, ఒక్క క్లిక్‌తో దించుకోగల పట్టిక. అది ఇందులో లేదు.

ఐనాచురలిస్ట్, ఈబర్డ్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్

సొంత సైటు అవసరమే లేదనే దారి ఇది. చూసిన జీవుల ఫొటోలు ఎవరైనా పెట్టి నమోదు చేసుకునే ఐనాచురలిస్ట్ సైటు 2008లో కాలిఫోర్నియాలో కొందరు విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది, 2023 నుంచి స్వతంత్ర లాభాపేక్ష లేని సంస్థ. మీ చెరువుకో, కాలేజీ క్యాంపస్‌కో ఒక ప్రాజెక్టు తెరిస్తే, ఆ హద్దుల్లో ఎవరు ఫొటో పెట్టినా మీ ప్రాజెక్టులో చేరిపోతుంది. తేదీ, చోటు, ఫొటో లేదా శబ్దం ఉండి, జాతి పేరు సూచించినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఒకే పేరుతో ఏకీభవిస్తే ఆ నమోదు రీసెర్చ్ గ్రేడ్ అవుతుంది. లైసెన్స్ సరిపోతే అక్కడి నుంచి జీబీఐఎఫ్‌కు (గ్లోబల్ బయోడైవర్సిటీ ఇన్ఫర్మేషన్ ఫెసిలిటీ) వెళుతుంది. కోపెన్‌హాగన్ కేంద్రంగా 2001 నుంచి నడుస్తున్న ఈ అంతర్జాతీయ వేదికే ఇప్పుడు ప్రపంచంలో జీవజాతుల డేటాకు అందరూ ముందుగా వెతికే చోటు.

ఇక్కడ లైసెన్స్ సంగతి తప్పక చూసుకోండి. ఐనాచురలిస్ట్‌లో మామూలుగా ఉండేది వాణిజ్యేతర లైసెన్స్, అంటే సీసీ బై ఎన్‌సీ. జీబీఐఎఫ్‌కు అది చాలు. కానీ వికీమీడియా కామన్స్ దాన్ని తీసుకోదు కాబట్టి ఆ ఫొటో తెలుగు వికీపీడియా వ్యాసానికి పనికిరాదు. సెట్టింగ్స్‌లో పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై అని మార్చుకుంటే చాలు, మన పిల్లలు చదివే వ్యాసంలో మన ఊరి పువ్వు ఫొటో ఉంటుంది. బృందంలో చేరిన ప్రతి ఒక్కరితోనూ మొదటి రోజే ఈ మార్పు చేయించాలని నేను గట్టిగా అంటాను.

పక్షులకు మాత్రం ఈబర్డ్‌ను మించింది లేదు. ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు, చూసిన పక్షులన్నీ రాశారా అని అడిగి మరీ నమోదు చేస్తుంది. "కనబడలేదు" అన్నది కూడా డేటా అయ్యేది అందువల్లే. కొల్లేరుకో పులికాట్‌కో ఫలానా బాతు రావడం తగ్గిందని చెప్పాలంటే వచ్చిన రోజుల ఫొటోలు చాలవు, వెతికినా కనబడని రోజుల లెక్క కూడా కావాలి.

2008లో మొదలైన ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ మన దేశపు వేదిక. బృందం పేరుతో గ్రూపు పెట్టుకుని దానికంటూ ఒక పేజీ నడుపుకోవచ్చు, జాతుల పేజీలకు రాయవచ్చు.

వీటన్నిటిలో ఉన్న లోటు ఒకటే: రూపం మీ చేతిలో ఉండదు. బ్యానర్ మార్చుకోవచ్చు, నాలుగు ముక్కలు పరిచయం రాసుకోవచ్చు, అంతే. హెర్బేరియంలో అట్టల మీద అంటించి ఉన్న పాత మొక్కల నమూనాలకూ ఐనాచురలిస్ట్ సరైన చోటు కాదు. అది ఒక మనిషి ఒక రోజు ఒక చోట చూసినదాన్ని రాసుకోవడానికి కట్టినది.

ఐపీటీ

ఇంటిగ్రేటెడ్ పబ్లిషింగ్ టూల్‌కిట్ అన్నది దీని పూర్తి పేరు. జీబీఐఎఫ్ వాళ్లే తయారుచేసి ఉచితంగా ఇస్తున్న జావా సాఫ్ట్‌వేర్. టామ్‌క్యాట్ మీద గానీ డాకర్‌తో గానీ నడుస్తుంది. చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. లోగో, రంగులు మార్చుకోవడం తప్ప అలంకరణకు పెద్దగా చోటు లేదు. అయినా నా ఓటు దీనికే.

ఎందుకంటే ఇది మీ ఎక్సెల్ షీటును జీవజాతుల డేటాకు వాడే డార్విన్ కోర్ అనే ప్రమాణంలోకి మారుస్తుంది. మీ కాలమ్‌కు మీరు ఏ పేరు పెట్టుకున్నా, "ఇది శాస్త్రీయ నామం, ఇది చూసిన తేదీ, ఇది అక్షాంశం" అని జత కలిపి చూపిస్తే, అన్నీ కలిపి ఒక జిప్ ఫైలు తయారవుతుంది. అందులో ఉండేవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే. ఐపీటీ ఉన్నా లేకపోయినా వాటిని ఏ కంప్యూటర్ అయినా చదువుతుంది. జీబీఐఎఫ్‌లో చేరాక మీ డేటాసెట్‌కు డీఓఐ, అంటే ఎప్పటికీ మారని గుర్తింపు లింకు వస్తుంది, దాన్ని వాడుకుని ఎవరైనా పేపర్ రాస్తే మీ కాలేజీ పేరు ఉదహరింపులో కనబడుతుంది. తుమ్మ పేరు మారితే దిద్దుకోవాల్సిన పని కూడా చాలావరకు మీది కాదు. మీరిచ్చిన పాత పేరును జీబీఐఎఫ్ తన వర్గీకరణ పట్టికతో పోల్చి కొత్త పేరు కింద చూపిస్తుంది.

అసలు పని సాఫ్ట్‌వేర్‌లో లేదు, షీటు శుభ్రం చేయడంలో ఉంది. ఒక్క వరుస తీసుకుని చూద్దాం. కడప దగ్గర ఒక మొక్క: అక్షాంశం 14.47, రేఖాంశం 78.82. ఈ రెండు అంకెలూ తారుమారైతే మ్యాపు మీద చుక్క ఎక్కడ పడుతుందో తెలుసా? నార్వేకు ఉత్తరాన, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే స్వాల్‌బార్డ్ దీవుల్లో. రేఖాంశం అంకెను ఎక్సెల్‌లో కింది వరుసలకు లాగుతుంటే ఒక్కోసారి ఒకటి చొప్పున పెరిగిపోతుంది: 78.82, 79.82, 80.82. మూడో వరుసకే మీ మొక్క బంగాళాఖాతంలో ఉంటుంది. చుక్క దేశం దాటితే జీబీఐఎఫ్ పట్టుకుని హెచ్చరిక పెడుతుంది. కానీ కడప మొక్క నెల్లూరు జిల్లాలో పడితే దాన్ని పట్టుకోవాల్సింది మీరే. పంపేముందు అన్ని చుక్కలనూ ఒక్కసారి మ్యాపు మీద వేసి చూసుకోవడం అందుకే అవసరం.

తేదీ 03/04/2019 అని ఉంటే మనకు అది ఏప్రిల్ 3. అమెరికా సెట్టింగ్‌లో ఉన్న ఎక్సెల్‌కు మార్చి 4. కాబట్టి 2019-04-03 అని సంవత్సరం ముందు పెట్టి రాయాలి. ప్రతి నమోదుకూ ఎప్పటికీ మారని ఒక ఐడీ ఇవ్వాలి. ప్రతిసారీ వరుస నంబర్లు మళ్లీ వేసుకుంటూ పోతే పాతవి కొత్తవై, పాత లింకులు తెగిపోతాయి.

తెలుగు పేర్ల దగ్గర ఇంకో టెన్షన్. పాత జాబితాలు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో టైపు చేసినవి. అవి యూనికోడ్ కావు. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక వత్తులు, పొల్లులు సరిగ్గా పడ్డాయో లేదో ఒక్కో పేరూ చదివి చూడాలి. ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోవాలి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది.

సొంత సర్వర్ మీద ఐపీటీ పెట్టుకోవడం పెద్ద కష్టం కాదు, ఏళ్ల తరబడి నిలబెట్టడం కష్టం. బ్యాకప్ కావాలి, సెక్యూరిటీ అప్‌డేట్లు కావాలి, చిరునామా మారకూడదు. ఇప్పటికే ఐపీటీ నడుపుతున్న సంస్థ దగ్గర ఒక అకౌంట్ అడిగి తీసుకోవడమే మేలు. ఒక షరతు మాత్రం ఉంది: జీబీఐఎఫ్‌లో ప్రచురణకర్తగా వ్యక్తులను కాదు, సంస్థలను నమోదు చేస్తారు, జీబీఐఎఫ్ తరఫున ఆ సంస్థను పరిశీలించి ఆమోదించాలి (ఎండార్స్ చేయాలి). ప్రిన్సిపాల్ సంతకం కోసం తిరగాల్సి వచ్చినా సరే, కాలేజీ పేరుతోనే వెళ్లండి.

పెద్ద పోర్టళ్లు

ఆస్ట్రేలియా జీవజాతుల పోర్టల్ అయిన అట్లాస్ ఆఫ్ లివింగ్ ఆస్ట్రేలియా సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. స్పెయిన్, ఫ్రాన్స్, స్వీడన్ లాంటి దేశాలు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. అది దేశాల స్థాయి పని, దానికి పూర్తికాలం ఇంజనీర్లు కావాలి. లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియం 2007లో మొదలుపెట్టిన స్క్రాచ్‌ప్యాడ్స్ వర్గీకరణ శాస్త్రవేత్తలకు మంచి ఆలోచనే, కానీ అది డ్రూపల్ 7 అనే, వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ మీద కట్టింది. డ్రూపల్ 7కు అధికారిక సపోర్ట్ 2025 జనవరితో ఆగిపోయింది. ఇప్పుడు కొత్తగా దాని మీద మొదలుపెట్టమని ఎవరికీ చెప్పలేను. జీబీఐఎఫ్ హోస్టెడ్ పోర్టల్ వీటికన్నా నయం. సర్వర్ వాళ్లదే, పేజీలు మీరు రాసుకోవచ్చు, జీబీఐఎఫ్‌లోని డేటాలో మీకు కావలసిన ముక్క మాత్రం కనబడుతుంది. రాష్ట్ర స్థాయిలో నాలుగైదు యూనివర్సిటీలు కలిస్తే దీన్ని అడగడంలో అర్థం ఉంది.

చోటు ఎంతవరకు చెప్పాలి

ఏది ఎంచుకున్నా ఇది మరచిపోకూడదు. గుత్తి దగ్గర దొరికిన నమూనాతో 1899లో పేరు పెట్టిన నీలిరంగు గుత్తి సాలీడు వందేళ్లకు పైగా మళ్లీ శాస్త్రవేత్తల కంటపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి, దాన్ని పెంచుకోవడానికి కొనేవాళ్లు విదేశాల్లో ఉన్నారు. దాని చెట్టుకు సరిగ్గా తీసుకెళ్లే అంకెలు ప్రచురిస్తే మన చేతులతో మనమే దారి చూపినట్టు. ఎర్రచందనం, నక్షత్ర తాబేలు, 1986లో లంకమల దగ్గర మళ్లీ కనిపించిన కలివికోడి విషయంలోనూ అంతే. ఐనాచురలిస్ట్ ఇలాంటి ప్రమాదంలో ఉన్న జాతుల చుక్కను తనంతట తానే దాచి, 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో చూపిస్తుంది. ఐపీటీలో, వర్డ్‌ప్రెస్‌లో ఆ పని మీరే చేయాలి: దశాంశ అంకెలు తగ్గించి, తగ్గించామని డార్విన్ కోర్‌లో అందుకోసమే ఉన్న ఫీల్డులో రాయాలి.

ఊళ్లోని జీవజాతులనూ వాటి వాడకాన్నీ రాసుకునే పంచాయతీల ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లతో పనిచేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఊళ్లో ఏ జాతులు ఉన్నాయన్నది ఒక సంగతి, ఏ ఆకు ఏ జబ్బుకు వాడతారన్నది ఆ ఊరి పెద్దల జ్ఞానం. వాళ్ల అనుమతి లేకుండా దాన్ని పబ్లిక్‌లో పెట్టడం అన్యాయం.

ఎవరికి ఏది

చెరువు బృందమో, పిల్లల ప్రకృతి క్లబ్బో అయితే ఐనాచురలిస్ట్, పక్షులకు ఈబర్డ్. సైటు మాటే వద్దు. హెర్బేరియం గానీ, సర్వే పట్టికలు గానీ ఉన్న కాలేజీకి ఐపీటీ, అదీ ఇంకొకరి సర్వర్ మీద. ఇలా డేటా భద్రంగా చేరాక, అప్పుడు చిన్న సైటు కట్టుకోండి. వర్డ్‌ప్రెస్ అయినా పర్లేదు, నాలుగు హెచ్‌టీఎంఎల్ పేజీలైనా చాలు. అందులో డేటా ఏమీ ఉండదు. జీబీఐఎఫ్ ఏపీఐని (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం నుంచి డేటా అడిగే దారి) అడిగి మీ డేటాసెట్‌లోని నమోదులను, మ్యాపును తెచ్చి చూపిస్తుంది. చదవడానికి ఆ ఏపీఐకి డబ్బు కట్టక్కర్లేదు, రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. జావాస్క్రిప్ట్ వచ్చిన బీఎస్సీ కంప్యూటర్స్ విద్యార్థి ఒకరు ఈ పని చేయగలరు.

తెలుగు పేర్ల ఫైలు మాత్రం బోటనీ వాళ్లే చూసుకోవాలి. ఒకే మొక్కను ఆదిలాబాద్‌లో ఒక పేరుతో, అనంతపురంలో ఇంకో పేరుతో పిలుస్తారు కాబట్టి డార్విన్ కోర్‌లో వాడుక పేర్ల కోసం ఉన్న విడి పట్టికలో భాష అన్నచోట తెలుగు అని, ప్రాంతం అన్నచోట జిల్లా పేరు రాసి, రెండు పేర్లనూ రెండు వరుసలుగా ఇవ్వండి.