పసుపు రంగు పెన్ పీహెచ్ మీటర్: మీటర్ ఫర్వాలేదు, ప్యాకెట్లతోనే చిక్కు

నీళ్లు, మట్టి ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో (పీహెచ్) కొలిచే, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికే ఈ పెన్ మీటర్ మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘తప్పు రీడింగ్’. చాలావరకు ఆ తప్పు మీటర్‌ది కాదు, డబ్బాలో వచ్చే బఫర్ పొడులది (నీళ్లలో కలిపితే ముందే తెలిసిన పీహెచ్ ఇచ్చేవి, వాటితోనే మీటర్‌ను సరిచేస్తాం). సాధారణంగా 4.00, 6.86 రెండే ఇస్తారు. రొయ్యల చెరువు నీళ్లు 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, కారు చౌడు (క్షార) నేల 8.5 దాటుతుంది. కొలవబోయే విలువ రెండు బఫర్ల నడుమ పడాలి కాబట్టి మనకు కావాల్సిన జంట 6.86, 9.18.

9.18 ప్యాకెట్ విడిగా కొనుక్కోవచ్చు. లేదంటే ల్యాబ్ గ్రేడ్ బోరాక్స్ (వెలిగారం) 3.81 గ్రాములు తీసుకుని, మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి సరిగ్గా లీటరు చేయండి. కంసాలి కొట్టు వెలిగారం వద్దు, ఎంత శుద్ధమో తెలీదు. మూత గట్టిగా బిగించాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే విలువ పడిపోతూ ఉంటుంది. ప్యాకెట్ పొడుల్ని కూడా కుళాయి నీళ్లలో కలపకూడదు.

ముందు 6.86లో సెట్ చేసి, కడిగి, టిష్యూతో అద్ది (రుద్దితే మీటర్ కొనలోని గాజు బుడ్డి పాడవుతుంది) 9.18లో ముంచండి. వెనక స్క్రూ ఉన్న మోడల్‌లో ఒక్క పాయింటే సరిచేయగలం. 6.86కి తిప్పాక రెండో బఫర్‌లో 8.8 దగ్గరే ఆగిపోతుంటే ఎలక్ట్రోడ్ (గాజు బుడ్డి ఉన్న, కొలిచే భాగం) పని అయిపోవచ్చినట్టే. ‘ఏటీసీ’ (వేడిని బట్టి రీడింగ్‌ను తనంతట సరిచేసే ఏర్పాటు) ఉంది కదా అని ఎండలో ధీమా పడొద్దు. అది ఎలక్ట్రోడ్ తేడాను సరిచేస్తుందే కానీ బఫర్‌ను కాదు. 35 డిగ్రీల దగ్గర ఆ 9.18 బఫర్ నిజంగానే 9.10 అవుతుంది.

తెర మీద రెండు దశాంశాలు కనిపించినా మొదటిదాన్నే నమ్మండి. చెరువుకు అది చాలు. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూసి తేడా 0.5 దాటిందా లేదా అన్నదే అక్కడ ముఖ్యం. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేస్తే పీహెచ్ పెరుగుతుంది, దాంతో అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది. మట్టికైతే 20 గ్రాములకు 50 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, అరగంట ఆగి, మళ్లీ కలిపి ముంచాలి. బుడ్డిని అడుగు బురదలో గుచ్చొద్దు. ఇక డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి ఏడు రాలేదని మీటర్ వాపసు పంపేవాళ్లూ ఉన్నారు. గాలి తగిలిన ఆ నీళ్లు 5.6 దాకా దిగడం మామూలే!

వాడాక డిస్టిల్డ్ వాటర్‌లో నానబెడితే ఎలక్ట్రోడ్ త్వరగా పోతుంది. పొటాషియం క్లోరైడ్ 22.4 గ్రాములు నీళ్లలో కరిగించి 100 మి.లీ. చేసి, మూతలో నాలుగు చుక్కలు వేసి పెట్టండి. ఎరువుల కొట్టు పొటాష్ దీనికి పనికిరాదు. ఈ ధరలో ఎలక్ట్రోడ్ మార్చుకునే వీలు మాత్రం ఉండదు. రోజూ రెండుపూటలా కొలిచేవాళ్లు ఇంకాస్త పెట్టి ఎలక్ట్రోడ్ ఊడదీసి మార్చుకునే మోడల్ తీసుకోవడమే మేలు.