వినికిడి లోపానికి జన్యు పరీక్ష: రెండు ల్యాబులు, రెండు రిపోర్టులు

మా అన్నయ్య కూతురికి బెరా పరీక్షలో (శబ్దానికి శ్రవణనాడి, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే పరీక్ష) రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం ఉన్నట్టు తేలడంతో, ఈఎన్‌టీ డాక్టరు గారి సలహాపై హైదరాబాదులోని ఒక ప్రైవేటు ల్యాబులో మొదట తక్కువ ఖర్చుతో అయ్యే ప్యాకేజీ, తరువాత ఇంకొక చోట, పుట్టుకతో వచ్చే వినికిడి లోపానికి తరచుగా కారణమయ్యే జీజేబీ2 అనే జన్యువును పూర్తిగా చదివే పరీక్ష చేయించాము.

మొదటి ల్యాబు సేవకు వంక పెట్టడానికి లేదు. ఇంటికే వచ్చి రక్తం తీసుకున్నారు, చెప్పిన రోజుకే రిపోర్టు పంపారు. అందులో ‘మార్పులేవీ కనబడలేదు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అయితే చివరి పేజీలో సన్నటి అక్షరాలతో అచ్చు వేసిన జాబితా చూస్తే, వాళ్లు వెతికినవి అదే జన్యువులోని 35డెల్‌జీ, 167డెల్‌టీ, 235డెల్‌సీ అనే మూడు మార్పులు మాత్రమేనని తెలిసింది. వీటిలో మొదటిది ఐరోపా, మధ్యధరా ప్రాంతాల వారిలోనూ, రెండవది అష్కెనాజీ యూదుల్లోనూ, మూడవది చైనా, జపాన్, కొరియా దేశాల వారిలోనూ ఎక్కువ. భారతీయుల్లో తరచుగా కనిపించే డబ్ల్యూ24ఎక్స్ అనే మార్పు ఆ జాబితాలో లేనే లేదు. (ఇదే మార్పు ఐరోపాలోని రోమా ప్రజల్లోనూ కనిపిస్తుంది, వారి పూర్వికులు ఇక్కడి నుంచి వెళ్లినవారే.) మన పిల్లలకు అమ్మే ప్యాకేజీలో మన మార్పే లేకపోవడాన్ని చిన్న పొరపాటుగా నేను తీసుకోలేను.

రెండవ ల్యాబు రిపోర్టులో పాపకు తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి కూడా డబ్ల్యూ24ఎక్స్ వచ్చినట్టు తేలింది. జీజేబీ2 సూచనలతో తయారయ్యే, లోపలి చెవిలోని కణాల మధ్య పొటాషియం రాకపోకలకు దారులు ఏర్పరిచే కనెక్సిన్ 26 అనే ప్రొటీను 226 అమైనో ఆమ్లాలతో తయారు కావలసి ఉండగా, ఈ మార్పు వల్ల దాని తయారీ 24వ స్థానంలోనే ఆగిపోతుంది. మా వదిన తన మేనమామనే, అంటే మా అన్నయ్యనే, చేసుకుంది. అక్కడి జెనెటిక్ కౌన్సెలర్ వంశవృక్షం గీస్తూ, మేనరికం మాట ఎత్తినప్పుడు కూడా ఎవరినీ తప్పుపట్టకుండా, అన్నయ్యా వదినలకు వినికిడి బాగానే ఉన్నా, చెరొక ప్రతిలో ఈ మార్పు ఉన్నందున, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ లోపం వచ్చే అవకాశం 25 శాతం ఉంటుందని వివరించారు. ఈ రకం లోపంలో సాధారణంగా శ్రవణనాడి దెబ్బతినదు కనుక కాక్లియర్ ఇంప్లాంటు (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) బాగా పనిచేసే అవకాశం ఉందని కూడా చెప్పారు. నా దృష్టిలో కట్టిన డబ్బుకు అసలు విలువ ఆ గంటసేపటి మాటలదే.

లోపాలూ ఉన్నాయి. రిపోర్టు తెలుగులో ఇవ్వరు. వినికిడి లోపంతో ముడిపడిన జన్యువులు వందకు పైగా ఉన్నందున, జీజేబీ2లో ఏమీ దొరకని కుటుంబాలు మళ్లీ పెద్ద ప్యానెల్‌కు, అంటే చాలా జన్యువులను ఒకేసారి చూసే పరీక్షకు, డబ్బు కట్టాలి. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులతో వినికిడి పోయే ప్రమాదాన్ని పెంచే, తల్లి నుంచి మాత్రమే సంక్రమించే 1555 మైటోకాండ్రియా మార్పుకు (కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల సొంత డీఎన్ఏలోని మార్పు) పరీక్ష కూడా విడిగానే చేయించుకోవాలి. రెండవ ల్యాబుకు ఐదుకు నాలుగు ఇస్తాను. మొదటి దానికి ఒకటి, అదీ రక్తం తీసిన అమ్మాయి ఓపికకు.