యాక్షన్ ఫిగర్లకు క్లిప్ స్టాండ్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఆరంగుళాల యాక్షన్ ఫిగర్ (కీళ్లు కదిలే బొమ్మ) గాల్లోకి దూకుతున్నట్టు ఫొటో తీయాలంటే క్లిప్ స్టాండ్ తప్పదు. కింద పలక, మధ్యలో మడిచే కీళ్లున్న చెయ్యి, చివర నడుము పట్టుకునే పంజా, అంతే. పోజు పెట్టడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు. ఫొటోలయ్యాక ఫిగర్‌ను నెలల తరబడి దానిమీదే ఉంచడం మాత్రం వద్దే వద్దు.

ఎందుకంటే ఫిగర్‌లోని మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లో కలిపిన ప్లాస్టిసైజర్ (మెత్తదనం ఇచ్చే పదార్థం) కాలం గడిచేకొద్దీ పైకి ఊరుతుంది. స్టాండ్ పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిందైతే ఆ జిడ్డుకు మెత్తబడి, తాకినచోట అతుక్కుంటుంది. పెయింట్ మీద పంజా గుర్తు పడితే ఇక పోదు. అందుకే పంజా కొనలకు పలచటి నూలుగుడ్డ చుడతాను. రబ్బరు చుట్టకండి, మరక పడుతుంది. పట్టు గట్టి ప్లాస్టిక్ ఉన్న నడుము దగ్గరే ఉండాలి. మెత్తటి కోటు మీద పట్టిస్తే నొక్కు పడుతుంది, ఫిగర్ కూడా జారుతుంది.

ముందు కాళ్లు, నడుము చేతిలో పట్టుకునే సర్దాలి. తర్వాత పంజా, ఆపైన చేతులు, ఆఖరున ఆయుధం. స్టాండ్ మీద ఉండగా కాళ్లు తిప్పితే ఆ బలమంతా స్టాండ్ కీళ్ల మీద పడి అవి వదులవుతాయి. ఫిగర్ బరువు పలక మధ్యకు సూటిగా పైన ఉండాలి, పక్కకు పోతే స్టాండ్ బోర్లా పడుతుంది. వదులైన స్క్రూను పావు చుట్టు చొప్పునే బిగించండి, ఎక్కువైతే ప్లాస్టిక్ మర అరిగిపోతుంది.

ఫిగర్లు ఎక్కువగా విరిగేది మణికట్టు పెగ్ (అరచేతిని ముంజేతికి కలిపే సన్నటి ముల్లు) దగ్గర. కీలులోకి పెయింట్ దిగి పట్టేసినప్పుడు బలంగా తిప్పితే పెగ్ మెలితిరిగి తెగుతుంది. చెయ్యి కాలనంత వేడినీళ్లలో ఆ కీలును అర నిమిషం ముంచి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపాలి. అప్పటికీ రాకపోతే ఒక చుక్క సిలికాన్ ఆయిల్ చాలు. పెట్రోలియం నూనెలు వద్దు, ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. అరచేయి మార్చేటప్పుడు పెగ్ మొదట్లో పట్టుకుని తిన్నగా లాగండి.

స్టాండ్ చెయ్యి కెమెరాకు సూటిగా ఫిగర్ వెనక ఉంటే చాలావరకు దాక్కుంటుంది. మిగిలినది చెరపడానికి ట్రైపాడ్ కదపకుండా ఫిగర్‌నూ స్టాండ్‌నూ తీసేసి ఖాళీ నేపథ్యం మరో ఫొటో తీసుకుని, ఎడిటింగ్‌లో స్టాండ్ కనబడేచోట దాన్ని అతికించాలి. ఫోన్ మరీ దగ్గర పెడితే ముందున్న పిడికిలి తలకంటే పెద్దదవుతుంది. కొంచెం వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌తో, ఫిగర్ కళ్ల ఎత్తులో తీయండి. లైట్లు ఎల్ఈడీవే వాడండి. హాలోజెన్ వేడికి పీవీసీ మెత్తబడి సన్నటి కత్తులు వంగిపోతాయి.

లోపమల్లా బరువు దగ్గరే. లోహపు భాగాలున్న ఫిగర్ పెడితే మధ్య కీలు మెల్లగా కుంగుతుంది, ఫోకస్ తప్పుతుంది. అలాంటివాటికి రెండు స్టాండ్లు పెట్టి, కింద మెత్తటి తువ్వాలు పరుస్తాను.