"స్టేజ్ 1 అయింది, ఆర్‌ఎస్ కన్నా పవర్ ఎక్కువ" అంటే ఆగండి: సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా 1.8 కొనేవాళ్ళకి హెచ్చరిక

హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టేవియా 1.8 టీఎస్ఐ వెతుకుతున్నారా? అందులోనూ ట్యూన్ చేయించిన, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచిన (రీమ్యాప్, స్టేజ్ 1 అనేదీ దీన్నే) బండి చూస్తున్నారా? అయితే అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి. మా పిన్ని కొడుకు అలాంటి బండే కొన్నాడు. వేసవి దాటకముందే గేర్‌బాక్స్ క్లచ్‌లు పోయాయి. అమ్మిన డీలర్ చేతులు దులిపేసుకున్నాడు. ఆ డీలర్ ఎవరో ఇక్కడ రాయను. అతను చెప్పిన లెక్క గురించి మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే అదే లెక్క చెప్పి అమ్మేవాళ్ళు ఊరంతా ఉన్నారు.

అతని లెక్క ఇదీ. 1.8 టీఎస్ఐ షోరూమ్‌లోంచి వచ్చేది 180 పీఎస్‌తో (పీఎస్ అంటే హార్స్‌పవర్ కొలత). ఆక్టేవియాలోనే కంపెనీ తెచ్చిన స్పోర్ట్స్ మోడల్ ఆర్‌ఎస్ 230కి ఉన్నది పేరులోనే ఉంది, 230 పీఎస్. రీమ్యాప్ కొడితే 1.8 కూడా 240 దాటుతుంది. ఆర్‌ఎస్ 2017లో 24.62 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరకి మొదట 500 బళ్ళే వచ్చింది కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కూడా రేటు దిగదు. "సగం రేటుకే ఆర్‌ఎస్‌ని మించిన బండి అన్నా, ఇంకేం కావాలి?" అన్నాడట. చేతిలో ఒక డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) షీటు కూడా పెట్టాడు. రంగుల గ్రాఫు, పైన పెద్ద అక్షరాల్లో 243.

హార్స్‌పవర్ ఒక్కటే పట్టుకుంటే అతను అబద్ధం ఆడలేదు. రెండు బళ్ళలోనూ ఉన్నది ఈఏ888 అనే కుటుంబానికి చెందిన ఇంజనే, టర్బో మాత్రం 1.8లో చిన్నది. రీమ్యాప్‌తో ఆ అంకె రావడంలో వింతేమీ లేదు. అతను నోరెత్తని విషయం ఒకటుంది, గేర్‌బాక్స్.

1.8లో ఉన్నది డీక్యూ200 అనే ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్. రెండూ డ్రై క్లచ్‌లు, అంటే ఆయిల్‌లో మునిగి ఉండవు, వేడెక్కితే చల్లబరిచేది గాలి ఒక్కటే. దీన్ని తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజన్ తిప్పే బలం) వరకు. ఇప్పుడు 1.8 బ్రోషర్ తీసి చూడండి: 250 న్యూటన్ మీటర్లు, 1250 ఆర్‌పీఎం నుంచి 5000 దాకా. గీత గీసినట్టు అక్కడే ఆగింది. ఇంజన్‌కి అంతకు మించి శక్తి లేక కాదు, గేర్‌బాక్స్ తట్టుకోదని కంపెనీవాళ్ళే అక్కడ ఆపారు.

అనుమానం ఉంటే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ చూడండి. 2016లో మన దేశానికి 99 బళ్ళే వచ్చాయి, 25.99 లక్షలకి. అందులోనూ 1.8 టీఎస్ఐ ఇంజనే, 192 పీఎస్. యూరప్‌లో అదే బండిని మాన్యువల్‌తో కొంటే 320 న్యూటన్ మీటర్లు, డీఎస్‌జీతో కొంటే 250. ఇంజన్ అదే, హార్స్‌పవర్ అదే, టార్క్‌లో మాత్రం 70 తేడా. పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదే. మాన్యువల్ 4200 దగ్గరే 192కి చేరుతుంది, డీఎస్‌జీ 5400 దాకా తిరిగి అదే 192 చూపిస్తుంది. హార్స్‌పవర్ ఒక్కటే పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఈ రెండూ ఒకే బండి.

ఆర్‌ఎస్ 230లో గేర్‌బాక్స్ వేరు. ఆరు గేర్ల డీక్యూ250, వెట్ క్లచ్‌లు ఆయిల్‌లో తిరుగుతాయి, 350 న్యూటన్ మీటర్లు మోసేలా కట్టింది. కంపెనీ ఇచ్చిన టార్క్ కూడా 350. 2020లో 200 బళ్ళే వచ్చిన ఆర్‌ఎస్ 245కి 370 న్యూటన్ మీటర్లు, దానికి ఏడు గేర్ల వెట్ క్లచ్ డీక్యూ381. ఇదంతా చూశాక 1.8కి స్టేజ్ 1 కొట్టి "ఆర్‌ఎస్‌ని మించింది" అనడం ఎంత అన్యాయమో మీకే తెలుస్తుంది. ట్రాలీ ఆటోకి లారీ ఇంజన్ బిగించినట్టు ఉంటుంది యవ్వారం.

మళ్ళీ ఆ డైనో షీటుకి వస్తాను, కొనేవాళ్ళకి పనికొచ్చేది అక్కడే ఉంది. మావాడి షీటులో పవర్ గీత ఒక్కటే ఉంది, టార్క్ గీత లేదు. ప్రింట్‌లో రాలేదని చెప్పాడట డీలర్! ఫర్వాలేదు, పవర్ గీత ఉంటే టార్క్ మనమే తీయొచ్చు. ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గర ఎన్ని పీఎస్ ఉందో చూడండి, దాన్ని 7023తో గుణించి ఆ ఆర్‌పీఎంతో భాగించండి, న్యూటన్ మీటర్లు వస్తాయి. మావాడి గ్రాఫులో 3000 దగ్గర 155 పీఎస్ ఉంది. ఫోన్‌లో లెక్కేస్తే 363. అంటే 250 కోసం చేసిన డబ్బా మీద 113 అదనం, అదీ రేస్ ట్రాక్ మీద ఎప్పుడో ఒకసారి కాదు, కూకట్‌పల్లిలో సిగ్నల్ పడిన ప్రతిసారీ కాలు కాస్త గట్టిగా వేస్తే చాలు. లెక్క సరిగ్గా చేశారో లేదో కంపెనీ అంకెలతో సరిచూసుకోండి: 180 పీఎస్, 5100 ఆర్‌పీఎం అని వేస్తే 250కి ఒకటి రెండు అటూ ఇటూగా రావాలి.

షీటు మీద ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. బండి నంబర్ ఉందా? చక్రాల దగ్గర కొలిచిందా, ఇంజన్ దగ్గర అని లెక్కగట్టిందా? డైనో కొలిచేది చక్రాల దగ్గరే. మధ్యలో పోయే నష్టం ఇంత శాతం అని ఆపరేటర్ కలిపేస్తాడు, ఆ శాతం కాస్త పెంచితే 225 కాస్తా 243 అవుతుంది. ఆ రోజు గాలి వేడి ఎంత, ఏ పెట్రోల్ పోశారు అన్నదీ రాసి ఉండాలి. 100 ఆక్టేన్ పోసి తీసిన అంకెని, మామూలు బంకు పెట్రోల్ పోసి తిరిగే బండికి అంటగట్టడం మామూలైపోయింది. తక్కువ ఆక్టేన్‌కి ఇంజన్ నాకింగ్ (లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలడం) పట్టుకుని ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి లాగేస్తుంది, అంతటితో ఆ పవర్ కాగితం మీదే మిగిలిపోతుంది.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. కొన్న కొత్తలో బండి నిజంగా దూసుకుపోయింది, మావాడు మబ్బుల్లో తేలాడు. తర్వాత ట్రాఫిక్‌లో ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారేటప్పుడు సన్నగా వణుకు మొదలైంది. పార్కింగ్ ర్యాంప్ ఎక్కుతుంటే కాలిన వాసన. ఒకరోజు డ్యాష్‌బోర్డ్ మీద గేర్ అంకె మిణుకుమిణుకుమంటూ బండి ఆగిపోయింది. వర్క్‌షాప్‌లో క్లచ్ ప్యాక్ దింపి చేతిలో పెడితే చూశాం: ప్లేటు అంచు నల్లగా మాడిపోయింది, ఇనుము మీద నీలం చారలు, వేలితో గీస్తే బూడిదలాంటి పొడి. ల్యాప్‌టాప్ తగిలించిన మెకానిక్ ఇంకో సంగతి చూపించాడు. అమ్మకానికి కాస్త ముందు ఫాల్ట్ కోడ్‌లన్నీ చెరిపేసి, క్లచ్ అడాప్టేషన్ (క్లచ్ ఎక్కడ పట్టుకోవాలో గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పడం) కొత్తగా చేసి ఉన్నారు. అలా చేస్తే అరిగిన క్లచ్ కూడా కొన్నాళ్ళు మెత్తగా పట్టుకుంటుంది, టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు. బిల్లు లక్ష దాటింది.

డీలర్‌కి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "గేర్‌బాక్స్‌కి కూడా ట్యూన్ కొట్టించాం అన్నా, మీరే రఫ్‌గా తోలి ఉంటారు. అయినా ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్నామని సంతకం పెట్టారు కదా." గేర్‌బాక్స్ ట్యూన్ అబద్ధం కాకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో టార్క్ హద్దు పెంచొచ్చు, క్లచ్ నొక్కే బలం కొంత పెంచొచ్చు. ప్లేటు సైజు పెరగదు, దాన్ని చల్లబరచడానికి ఆయిలూ పుట్టదు.

ఇది ఒక్క ఆక్టేవియా గోల కాదు. ఇప్పుడు వర్టస్ జీటీ, స్లావియా 1.5 డీఎస్‌జీ కొని హ్యుందాయ్ వెర్నా టర్బోతో పోటీ పెట్టేవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. వెర్నా 160 పీఎస్, వీటికి 150. ఆ పది కోసం రీమ్యాప్ అంటున్నారు. వీటిలో ఉన్నదీ అదే డీక్యూ200, షోరూమ్ టార్కే 250. హద్దు మీద నిలబెట్టిన బండికి ఇంకా పైన పోయడం ఎందుకో నాకు అర్థం కాదు. ట్యూన్ మోజు తీరకపోతే మాన్యువల్ తీసుకోండి, అరిగితే ఒక్క మామూలు క్లచ్‌తో పోతుంది.

తిరగేసి చూస్తే, 2021లో వచ్చిన ఆక్టేవియా 2.0 టీఎస్ఐని "190 పీఎసే కదా, 1.8 కన్నా పదే ఎక్కువ" అని తీసిపారేస్తుంటారు. దాని టార్క్ 320, గేర్‌బాక్స్ వెట్ క్లచ్. ట్యూనింగ్‌కి చోటు ఉన్న బండి అది. కాస్త డబ్బు ఎక్కువైనా నా ఓటు దానికే.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ముందు ఆర్‌సీ తీయించండి. 1.8 అయితే 1798 సీసీ ఉంటుంది, ఆర్‌ఎస్ 230, 245 రెండూ 1984. గ్రిల్ మీద ఆర్‌ఎస్ బ్యాడ్జ్ అతికించడం నిమిషం పని, అది చూసి మోసపోకండి. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తో కాకుండా, అరగంట ట్రాఫిక్‌లో తిప్పి వేడెక్కాక ర్యాంప్ మీద మెల్లగా ఎక్కించి చూడండి. స్కానర్ ఉన్న సొంత మెకానిక్‌ని వెంట తీసుకెళ్ళండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ఫ్లాష్ అయిందేమో, అంటే అందులో సాఫ్ట్‌వేర్ మార్చారేమో అడగండి. వాళ్ళ సిస్టమ్‌లో టీడీ1 అని మార్క్ పడితే ఇంజన్, గేర్‌బాక్స్ వారంటీ గురించి మర్చిపోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి ట్యూన్ సంగతి చెప్పారా అన్నదీ అడగండి, చెప్పకపోతే క్లెయిమ్ రోజున పేచీ పెడతారు.

ఇంత చెప్పినా ఆ బండే నచ్చిందంటారా? క్లచ్ కిట్ ఖర్చు రేటులోంచి తగ్గించమనండి. ట్యూన్ ఎవరు చేశారో బిల్లు అడగండి. కంపెనీ ఒరిజినల్ ఫైల్ దాచి ఉంచారా అడగండి, ఉంటే అది తిరిగి ఎక్కించి ఇచ్చాకే మిగతా డబ్బు కట్టండి. ఫైల్ లేదంటే బేరం అక్కడితో ఆపేయండి.