మలేషియాలో చైనీయులు, భారతీయులు: ఎవరి బతుకు మేలు?

కౌలాలంపూర్ చూసొచ్చిన మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. "చైనావాళ్ళూ కూలికి వచ్చినవాళ్ళే, మనవాళ్ళూ కూలికి వెళ్ళినవాళ్ళే. మరి ఊళ్ళో ఏ పెద్ద షాపు చూసినా వాళ్ళదే ఎందుకు? మనవాళ్ళు సెక్యూరిటీ గార్డులుగా, లారీ డ్రైవర్లుగా ఎందుకు కనిపిస్తారు?" ఈ మధ్య చాలామంది ఇదే అడుగుతున్నారు. అందుకే రెండు సముదాయాలనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు లెక్కలు. మలేషియా ప్రభుత్వం 2019లో చేసిన కుటుంబ ఆదాయ సర్వేలో చైనీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం నెలకు 7,391 రింగిట్లు. భారతీయ కుటుంబాలది 5,981. మలయులు, ఇతర స్థానిక తెగలవాళ్ళు కలిసిన 'భూమిపుత్రులది' 5,420. మధ్యస్థం అంటే సగం కుటుంబాలు దానికి పైన, సగం కింద అన్నమాట. కంపెనీల వాటాల్లో తేడా ఇంకా పెద్దది. 1970లో చైనీయుల చేతిలో 27.2 శాతం, భారతీయుల చేతిలో 1.1 శాతం వాటాలుండేవి. 2008 నాటికి అవి 34.9, 1.6 అయ్యాయి. జనాభాలో చైనీయులు దాదాపు 23 శాతం, భారతీయులు 7 శాతం లోపు. ఎలా చూసినా చైనీయులదే పైచేయి.

చాలామంది ఇక్కడే ఆగిపోయి, "పోనీలే, స్థానికులకంటే మనవాళ్ళు నయమే కదా" అంటారు. నేను ఒప్పుకోను. భారతీయుల్లో ఎక్కువమంది ఉండేది పడమటి తీరంలో, అంటే సెలంగోర్, పేరాక్, పెనాంగ్, జొహోర్ లాంటి రాష్ట్రాల పట్టణాల్లో, కౌలాలంపూర్‌లో. అదే 2019 సర్వేలో సెలంగోర్ మధ్యస్థ ఆదాయం 8,210 రింగిట్లు, కౌలాలంపూర్‌ది 10,549, మలయులే ఎక్కువగా ఉండే కెలంతాన్‌ది 3,563. కెలంతాన్ పల్లెలో సొంత ఇల్లు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు ఉన్న కుటుంబం తక్కువ ఆదాయంతో నెట్టుకొస్తుంది. ఆరు వేల లోపు ఆదాయంతో సెలంగోర్‌లో అద్దె కట్టి, బైకు వాయిదా కట్టి, పిల్లల్ని చదివించే కుటుంబం పరిస్థితి వేరు. ఆ అయిదారు వందల తేడా చూసి నయమనేస్తే ఎలా?

ఇంకో చిక్కు 'భారతీయులు' అన్న లెక్కలోనే ఉంది. మలేషియా భారతీయుల్లో అత్యధికులు తోట కూలీల సంతతి, అందులోనూ తమిళులు. కానీ అదే లెక్కలో బ్రిటిష్ కాలంలో గుమాస్తాలుగా, రైల్వే ఉద్యోగులుగా శ్రీలంక నుంచి వచ్చిన జాఫ్నా తమిళులున్నారు. తోట ఆఫీసుల్లో పనిచేసిన మలయాళీలు, వడ్డీ వ్యాపారం చేసిన చెట్టియార్లు, పోలీసుల్లో చేరిన సిక్కులూ ఉన్నారు. మాక్సిస్ ఫోన్, ఆస్ట్రో టీవీ కంపెనీలు పెట్టి, 2024లో చనిపోయేదాకా దేశంలోని అతిపెద్ద ధనవంతుల్లో ఒకరిగా ఉన్న ఆనంద కృష్ణన్‌ది జాఫ్నా తమిళ నేపథ్యం. ఆయన్ని చూపించి "భారతీయులూ ఎదిగారు" అనడం తోట కూలీ మనవడికి అన్యాయం. వీళ్ళందర్నీ కలిపి తీసిన అంకె తోట కుటుంబాల అసలు స్థితిని కప్పేస్తుంది. చైనీయుల్లోనూ పైన చక్కెర, హోటళ్ళ వ్యాపారాల కోటీశ్వరుడు రాబర్ట్ కువోక్ ఉన్నాడు, కింద బ్రిటిష్ వాళ్ళు కట్టిన 'కొత్త పల్లెల్లో' (వాటి సంగతి తర్వాత చెబుతాను) పిల్లలు వలసపోగా మిగిలిన ముసలివాళ్ళూ ఉన్నారు. కాబట్టి పైవాళ్ళని పక్కనపెట్టి, తగరం గనికి వచ్చిన చైనా కూలీ సంతతినీ రబ్బరు తోటకి వచ్చిన మన కూలీ సంతతినీ పోల్చాలి.

వచ్చిన తీరులో ఇద్దరి కష్టమూ దాదాపు ఒకటే. చైనా కూలీ ఓడ టికెట్టు అప్పుగా తీసుకుని వచ్చేవాడు, అప్పు తీరేదాకా యజమాని చెప్పినట్టు వినాలి. నల్లమందు, జ్వరాలు, ముఠా కొట్లాటలు వాళ్ళని దారుణంగా తిన్నాయి. మన కూలీ మొదట ఒప్పందం మీద, 1910లో ఆ పద్ధతి రద్దయ్యాక కంగాణీ (ఊళ్ళకొచ్చి కూలీల్ని పోగుచేసే తోట మేస్త్రీ) వెంట వచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలస ఆపేదాకా అదే నడిచింది. చైనా కూలీ అప్పు తీరాక గని వదిలి ఊళ్ళోకి పోగలిగాడు. కూరగాయలు పండించాడు, బండి మీద నూడుల్స్ అమ్మాడు, దుకాణంలో కుర్రాడిగా చేరాడు. ఆ ఊళ్ళే తర్వాత నగరాలయ్యాయి. కౌలాలంపూర్‌ని నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడిగా చెప్పుకునే యాప్ ఆ లాయ్ కూడా పనివాడిగా వచ్చినవాడే.

మన కూలీ ఊళ్ళోకి రాలేదు. రావాల్సిన అవసరం లేకుండా తోటలోనే అన్నీ పెట్టారు: ఇల్లు, బడి, గుడి, కల్లు దుకాణం, డిస్పెన్సరీ. బడిలో చదువు ఆరో తరగతితో సరి. తెల్లవారకముందే లేచి హాజరు వేయించుకుని చెట్ల దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే చల్లటి వేళే పాలు బాగా కారతాయి. వాన పడితే గాటు పెట్టడం కుదరదు, ఆ రోజు కూలి పోయినట్టే. కుటుంబం మొత్తం ఈ పనిలోనే ఉండేది. అలాంటివాళ్ళని "కష్టపడరు, పొదుపు తెలీదు" అంటుంటే నాకు కోపం వస్తుంది. ఈ మాట అనేవాళ్ళు మనలోనే ఎక్కువ.

నా దృష్టిలో తేడా అంతా ఇంటి దగ్గరే వచ్చింది. ఆదాయం కంటే, చదువు కంటే కూడా ముందు ఇల్లు ఎవరిది అన్నదే చూడాలి.

తోటలో కూలీలుండేది లైన్లలో. వరసగా కట్టిన గదులు, ఒక్కో కుటుంబానికి ఒక గదీ, ముందు చిన్న వసారా, వెనక వంటకింత చోటు. అద్దె లేదు, కానీ ఇల్లు కంపెనీది. పని ఉన్నంతకాలమే ఇల్లు. తాత పుట్టిన గదిలోనే మనవడూ పుట్టాడు గానీ, ఆ గది మీద ఎవరికీ కాగితం ముక్క లేదు. అరవై ఏళ్ళు కాపురం చేసిన ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టలేరు, అమ్మలేరు, కొడుక్కి రాసివ్వలేరు.

ఇప్పుడు చైనీయుల షాపిల్లు చూడండి. కింద దుకాణం, పైన కాపురం, ముందు అయిదడుగుల నడవా. పగలు కొట్టు, రాత్రి ఇల్లు. పిల్లలు గల్లాపెట్టె దగ్గరే లెక్కలు నేర్చుకుంటారు. ఆ షాపిల్లు సొంతమైన రోజున దాన్ని చూపించి అప్పు పుడుతుంది, అప్పుతో ఇంకో షాపు పుడుతుంది. సంఘాల సాయం, వాళ్ళలో వాళ్ళు వేసుకునే చిట్టీలు, చందాలతో నడుపుకునే చైనీస్ బడులు అన్నీ ఉన్నమాట నిజమే, వాటి విలువ తగ్గించను. కానీ చిట్టీ పాడుకున్న డబ్బు పెట్టడానికి ఒక చోటుండాలి కదా. వాళ్ళకి ఉంది.

చైనీయులందరికీ షాపులున్నాయని కాదు. కమ్యూనిస్టు తిరుగుబాటు రోజుల్లో, 1950 నుంచి, బ్రిగ్స్ పథకం కింద బ్రిటిష్ వాళ్ళు అడవి అంచుల్లో ఉన్న దాదాపు 5 లక్షలమందిని, ఎక్కువగా చైనీయుల్ని, బలవంతంగా ఖాళీ చేయించి 450 దాకా 'కొత్త పల్లెల్లో' పెట్టారు. చుట్టూ ముళ్ళకంచె, రాత్రి కర్ఫ్యూ, బియ్యం బయటికి పోకుండా సోదాలు. అది అణచివేతే. అయినా ఆ పల్లెల్లో కుటుంబానికో ఇంటిస్థలం దొరికింది, తర్వాత చాలాచోట్ల ముప్ఫై ఏళ్ళ లీజులొచ్చాయి, కంచెలు పోయాక అవి పట్టణాల్లో కలిశాయి. అదే రోజుల్లో తోట లైన్లలో ఉన్న మనవాళ్ళకి స్థలం రాలేదు. 1956లో మొదలైన ఫెల్డా పథకం పేదలకి భూమి పంచిందిగానీ, దాదాపు అంతా మలయ కుటుంబాలకే దక్కింది.

ఆ తర్వాత తోటలే పోవడం మొదలైంది. స్వాతంత్ర్యం దగ్గరపడుతుండగా తెల్ల యజమానులు తోటల్ని ముక్కలుగా అమ్ముకున్నారు. దీన్ని ఆపాలని అప్పటి మంత్రి, భారతీయుల పార్టీ అయిన మలేషియన్ ఇండియన్ కాంగ్రెస్ నాయకుడు తున్ సంబంధన్ 1960లో కూలీల సహకార సంఘం పెట్టి, వాళ్ళ నెలసరి చందాలతోనే తోటలు కొనిపించారు. నా మటుకు మలేషియా భారతీయుల కోసం జరిగిన పనుల్లో అదే అన్నిటికంటే సరైనది. అది ఇంకా పెద్ద ఎత్తున జరిగి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. 1982లో అదే పార్టీ పేరుతో పెట్టిన పెట్టుబడి కంపెనీ మైకా హోల్డింగ్స్ మాత్రం కూలీలు నగలు కుదువపెట్టి తెచ్చిన డబ్బుకి లాభం చూపించలేకపోయింది.

1970ల నుంచి రబ్బరు కొట్టేసి పామాయిల్ వేశారు. ఏలూరు వైపు పాఠకులకి ఇది వివరించక్కర్లేదు: రబ్బరు చెట్టుకి దాదాపు రోజూ మనిషి కావాలి, పామాయిల్‌కి పది పదిహేను రోజులకోసారి గెలలు కోస్తే చాలు. ఉన్న పనికీ ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీలొచ్చారు. ఆపైన నగరం పెరుగుతూ తోట మీదికే వచ్చింది. మనవాళ్ళు ఫొటోలు దిగే పుత్రజయలో ఆ గులాబీరంగు మసీదు, ప్రధాని కార్యాలయం ఉన్న నేల ఒకప్పటి ప్రాంగ్ బెసార్ రబ్బరు తోటది. అక్కడి కూలీల కుటుంబాల్ని డెంకిల్ దగ్గర ఫ్లాట్లలోకి పంపారు. ఆ గోడలు బీటలు వారాయని, సొంత ఇళ్ళు ఇస్తామన్న మాట ఏమైందని వాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడారు. సుబాంగ్ జయ కూడా ఒకప్పుడు తోటే. ఇలా తోటలు వదిలినవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

పని, ఇల్లు, బడి, గుడి, ఇరుగుపొరుగు ఒకే నెలలో పోతే కుటుంబం ఏమవుతుంది? చేతిలో కొద్దిపాటి పరిహారం, తెలిసింది చెట్టుకి గాటు పెట్టడం ఒక్కటే. కౌలాలంపూర్, క్లాంగ్ చుట్టూ ఆక్రమణ గుడిసెల్లోకి, అక్కడినుంచి ఇరుకు ఫ్లాట్లలోకి వచ్చిపడ్డారు. పిల్లల్లో కొందరు ముఠాల్లో చేరారు. తోటలో పుట్టిన చాలామందికి జనన ధ్రువపత్రం కూడా లేదు, దాంతో పౌరసత్వ కార్డు లేదు, కార్డు లేక బ్యాంకు ఖాతా లేదు. 2007 నవంబరు 25న హిండ్రాఫ్ అనే హిందూ హక్కుల వేదిక పిలుపుతో వేలమంది కౌలాలంపూర్ వీధుల్లోకి వచ్చింది ఈ కోపంతోనే.

చదువుల్లో, ఉద్యోగాల్లో, వాటాల్లో భూమిపుత్రులకి ప్రాధాన్యమిచ్చిన 1971 నాటి కొత్త ఆర్థిక విధానం రెండు సముదాయాల్నీ పక్కకి పెట్టింది. కానీ దెబ్బ ఒకేలా తగల్లేదు. యూనివర్సిటీ సీటు దొరకని చైనీయ కుర్రాడికి తండ్రి షాపుంది, లేదా ప్రైవేటు కాలేజీ ఫీజుంది, ఆస్ట్రేలియా ఉంది. భారతీయులకి తోట బయట ఉన్న పెద్ద ఆధారం రైల్వే, పబ్లిక్ వర్క్స్, ఆసుపత్రుల్లాంటి ప్రభుత్వ ఉద్యోగాలు. అవే తగ్గిపోయాయి. చైనీయుల బాధ వేరు: చదువుకున్న పిల్లలు సింగపూర్‌కి, ఇతర దేశాలకి వెళ్ళిపోతున్నారు, జనాభాలో వాళ్ళ శాతం ఏటేటా తగ్గుతోంది.

మన తెలుగువాళ్ళ సంగతి విడిగా అడుగుతారు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపు నుంచి వెళ్ళినవాళ్ళు తమిళులకంటే ఎక్కువగా కుటుంబాలతో వెళ్ళారు, పేరాక్‌లో బగాన్ దాతో వైపు తోటల్లో స్థిరపడ్డారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఆర్థికంగా మాత్రం తోట పోయినప్పుడు తమిళ కుటుంబానికి ఏమైందో తెలుగు కుటుంబానికీ అదే అయింది.

మిగతా దేశాల గురించి రెండు ముక్కలు. మారిషస్‌లో 19వ శతాబ్దం చివర్లో చెరకు ఎస్టేట్లు ముక్కలై అమ్ముడైనప్పుడు కూలీలే చిన్న చిన్న కమతాలు కొనుక్కున్నారు. అందుకే అక్కడి భారతీయ సంతతి, తెలుగువాళ్ళతో సహా, కాలు నిలదొక్కుకుంది. ఫిజీలో చెరకు పండించిందీ మనవాళ్ళే, కానీ భూమి లీజుది. 1997 నుంచి లీజులు ముగుస్తుంటే చాలామంది పొలాలు వదిలి వెళ్ళాల్సివచ్చింది. సింగపూర్‌లో 2020 జనగణన ప్రకారం భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం చైనీయులకంటే ఎక్కువే. కొత్తగా వెళ్ళిన ఉద్యోగుల జీతాలు దాన్ని బాగా పైకి లాగాయి కాబట్టి పాతవాళ్ళ స్థితికి అది కొలత కాదు. అక్కడ పాత కుటుంబాలకి మేలు చేసింది ప్రభుత్వం కట్టి అమ్మిన సొంత ఫ్లాటు.

కాబట్టి ఎవరి బతుకు మేలంటే చైనీయులదే, సందేహం లేదు. ఎందుకంటే మాత్రం స్వభావాల గురించి మాట్లాడకండి, తోట ఖాళీ అయిన రోజున ఆ కుటుంబం చేతిలో ఇంటికాగితం ఉందా లేదా అని అడగండి. మలేషియా భారతీయుల కోసం ఏ ప్రభుత్వం ఏ పథకం ప్రకటించినా నేను మొదట చూసేది అందులో ఎన్ని కుటుంబాలకి వాళ్ళ పేరు మీద ఇళ్ళు రాస్తున్నారన్నదే. ఇప్పటిదాకా శిక్షణ తరగతులకీ చిన్న రుణాలకీ దక్కిన ప్రాధాన్యం ఇళ్ళకి దక్కలేదు.