రైలు ఆఖరి స్టేషనులో కాపురం: నరసాపురం ఎలా ఉంది?

హైదరాబాద్ వదిలేసి గోదావరి జిల్లాల్లో ఏదైనా చిన్న ఊళ్ళో స్థిరపడదాం అనుకునేవాళ్ళు చాలామంది సంక్రాంతికి వచ్చి, కొబ్బరి తోటలూ కాలువ గట్లూ చూసి మనసు పారేసుకుంటారు. సంక్రాంతి నెలలో ఇక్కడ ఏ ఊరైనా బాగానే ఉంటుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి: మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, రైలు ఎక్కడ ఎక్కాలి, అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఎక్కడికి పరిగెత్తాలి.

మేం 2019లో కూకట్‌పల్లి నుంచి నరసాపురం వచ్చాం. నాది ఇంట్లో కూర్చుని చేసుకునే లెక్కల పని, మావారు రిటైరయ్యారు, అత్తగారు మాతోనే ఉంటారు. ఇన్నేళ్ళు ఉన్నాక నాకు తేలిందేమిటంటే, ఈ ఊరు ప్రశాంతంగా, చవగ్గా ఉండటానికీ, ఇక్కడ పడే ఇబ్బందులకీ కారణం ఒక్కటే. ఇది చివరి ఊరు. రైలు పట్టాలు ఇక్కడితో ఆఖరు, కాలువ ఇక్కడికొచ్చేసరికి శివారు, తూర్పున వశిష్ఠ గోదావరి, దక్షిణాన కాస్త దూరంలో సముద్రం.

రాకముందు నాలుగైదు ఊళ్ళు తిరిగాం. భీమవరంలో అన్నీ ఉన్నాయి, కానీ రొయ్యల డబ్బుతో అద్దెలు ఎప్పుడో పెరిగిపోయాయి. 2022లో జిల్లా కేంద్రం అయ్యాక రద్దీ ఇంకా పెరిగింది. అమలాపురం మావారికి బాగా నచ్చింది. అయితే అక్కడికి రైలు లేదు. కోటిపల్లి నుంచి నరసాపురం దాకా రావాల్సిన లైను గురించి కోనసీమ వాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూనే ఉన్నారు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, బస్సులో రాత్రంతా కూర్చోలేరు. పాలకొల్లు దాదాపు ఖాయం చేసేసుకున్నాం. క్షీరారామం, కొబ్బరి వ్యాపారం, దిబ్బరొట్టె, ఏదీ వంక పెట్టేది కాదు. కానీ మాకు దొరికిన ఇళ్ళన్నీ బజారు మధ్యలోనే ఉన్నాయి, అందుకని ఇంకో పది కిలోమీటర్లు ముందుకొచ్చాం.

రైలు విషయంలో మేం కోరుకున్నదానికంటే ఎక్కువే దొరికింది. హైదరాబాద్ వెళ్ళే నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఇక్కడే బయల్దేరుతుంది కాబట్టి ముందే ప్లాట్‌ఫామ్ మీద పెట్టి ఉంచుతారు. దారిలో వచ్చే స్టేషన్లలోలాగా రెండు నిమిషాల్లో తోసుకుని ఎక్కే పని లేదు. అత్తగారిని నిదానంగా ఎక్కించి, కింది బెర్తులో పక్క పరిచి, సామాను సర్దుకున్నాక కదులుతుంది. తిరిగొచ్చేటప్పుడు కూడా అంతే, నిద్రలో స్టేషను దాటిపోతుందన్న టెన్షన్ ఉండదు. నాగర్‌సోల్ బండి ఎక్కితే షిరిడీ, ధర్మవరం బండి ఎక్కితే తిరుపతి. సంక్రాంతి రోజుల్లో మాత్రం 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచిన పొద్దున్నే కూర్చోకపోతే టిక్కెట్టు దొరకదు.

అద్దె, కూకట్‌పల్లిలో కట్టినదాంట్లో మూడో వంతు కూడా కాదు. రెండు గదులు, వరండా, పెరట్లో రెండు కొబ్బరి చెట్లు. కూరగాయలు, చేపలు చవక. పాలు, పచారీ సామాను, కరెంటు బిల్లు ఎక్కడైనా ఒకటే. సగం ఖర్చుతో బతికేయొచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. మిగిలేది అద్దెలోనే.

ఇక ప్రశాంతత. 2011 లెక్కల్లో ఊరి జనాభా 60 వేలకు లోపే. రాత్రి తొమ్మిదింటికి మా వీధి సద్దుమణుగుతుంది. అయితే కార్తీకంలో తెల్లవారుజామునే గుడి మైకు, ఆదివారం చర్చి మైకు తప్పవు. మాఘమాసంలో భీష్మ ఏకాదశి రోజుల్లో అంతర్వేది తీర్థానికి వెళ్ళే జనమంతా ఊరి మీదుగా, గోదావరి దాటించే పెద్ద పడవ, అదే పంటు, రేవుకు పోతారు. ఆ రోజుల్లో రోడ్డు మీద అడుగు తీసి అడుగు వేయలేం. అదంతా నాలుగు రోజులు ఓర్చుకుంటే సరిపోతుంది. ఓర్చుకోలేనిది ఇంకోటి ఉంది, అది ఇల్లు చూసేటప్పుడు ఎవరూ చెప్పరు. ఊరి శివార్లలో ఇల్లు చవగ్గా దొరికిందంటే చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఉన్నాయేమో చూడండి. చెరువుల్లో నీళ్ళకి గాలి అందించే ఎయిరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. కరెంటు పోతే వెంటనే జనరేటర్లు అందుకుంటాయి. మేం మొదట చూసిన ఇంట్లో పగలు పిట్టల కూతలే వినిపించాయి. మావారు ఎందుకైనా మంచిదని ఒక రాత్రి వెళ్ళి ఆ సందులో కాసేపు నిలబడి వచ్చారు. ఆ ఇల్లు వదిలేశాం.

చెరువుల వల్ల పోయేది నిద్ర ఒక్కటే కాదు, నీళ్ళు కూడా. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ భూమిలో నీళ్ళు ముందే ఉప్పన. పక్కన చెరువు తవ్వితే మిగిలిన కాస్త తీపి బావి కూడా పాడవుతుంది. మా బోరు నీళ్ళలో సబ్బు నురగ రాదు. కుళాయి చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని, గీకితే గానీ రాదు. ఒకసారి మునిసిపల్ నీళ్ళు అయిపోతే బోరు నీళ్ళతో కుక్కర్లో కందిపప్పు పెట్టాను. ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దగానే ఉంది. ఇక్కడివాళ్ళు పప్పుకీ టీకీ కుళాయి నీళ్ళు వేరుగా బిందెలో పట్టి దాచుకుంటారు. తాగడానికి 20 లీటర్ల టిన్ను కొనుక్కుంటాం.

కుళాయికి వచ్చేదీ గోదావరి నీరే. ధవళేశ్వరంలో కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ తర్వాత కట్టిన బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువల ద్వారా వచ్చి మంచినీళ్ళ చెరువులు నిండుతాయి. దాళ్వా, అంటే రెండో పంట, అయ్యాక ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. అప్పట్నుంచి జూన్‌లో మళ్ళీ వదిలేదాకా చెరువులో నిలవ ఉన్నదే దిక్కు. మేం మేడ మీద ఇంకో ట్యాంకు పెట్టించుకున్నాం. డెల్టాలో నీళ్ళకేం కరువు అనుకుని వచ్చేవాళ్ళకి ఇది గట్టిగా చెప్పాలి.

వరదల సంగతి. జులై, ఆగస్టుల్లో అందరి నోటా ఒకటే మాట, "ధవళేశ్వరంలో ఎంతుందండీ?" అక్కడ 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మా ఇల్లు ఏటిగట్టుకి లోపలివైపు, నీళ్ళు రాలేదు, కానీ ఆ రాత్రి వీధిలో ఎవరూ పడుకోలేదు. అమావాస్యకో పౌర్ణమికో సముద్రం పోటు మీద ఉంటే వరద నీరు త్వరగా దిగదని అప్పుడే తెలిసింది. వరద వస్తే పంటు ఆపేస్తారు. మామూలు రోజుల్లో పది నిమిషాల్లో దాటి చేరే అవతలి గట్టు సఖినేటిపల్లికి చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు ఇన్వర్టరుతో పాటు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోవాలి. తుపానుకి నెట్ పోయినప్పుడు మా ఆఫీసుకి ముందే చెప్పుకోవడం అలవాటు చేసుకున్నాను.

వైద్యానికి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి, ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. జ్వరానికీ షుగరుకీ చాలు. గుండె అంటే సుమారు 30 కిలోమీటర్లు భీమవరం పరిగెత్తాలి, ఇంకా పెద్దదైతే రాజమండ్రి, విజయవాడ. ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే నేనైతే ఈ ఊరు వద్దనే అంటాను.

మనుషుల గురించి ఎంత చెప్పినా తక్కువే. వచ్చిన వారంలోనే "ఏ ఊరండి మీది, ఎవరి తాలూకండి?" అని అడిగారు. ఇల్లు అద్దెకిచ్చేముందు కులం కూడా అడిగారు, అది నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ అదే వీధి మా అత్తగారు పెరట్లో జారిపడ్డ రోజు క్షణంలో మా ఇంట్లో ఉంది. మధ్యాహ్నాలు పక్కింటి వరండాలో ఆడవాళ్ళు క్రోషా సూదితో లేసు అల్లుతారు, అత్తగారు కుర్చీ తీసుకెళ్ళి అక్కడే కూర్చుంటారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ అల్లే చేతులకి దక్కేది మాత్రం చాలా తక్కువ, చూస్తుంటే బాధేస్తుంది.

స్థలం కొనమని చాలామంది చెప్తున్నారు, మేం అద్దెలోనే ఉన్నాం. పక్క పొలం రేపు చెరువు కాదని మాటిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. మీరు ఇల్లు చూడటానికి వస్తే మే నెలలో, కాలువలు కట్టేశాక రండి. ఏటిగట్టుకి ఏ పక్కన ఉందో చూసుకోండి, వంటింట్లో బోరుదీ మునిసిపాలిటీదీ రెండు కుళాయిలూ తిప్పి నోట్లో పోసుకుని చూడండి, చీకటి పడ్డాక మళ్ళీ ఒకసారి వెళ్ళి రండి.